మారతహళ్ళి వీధిలో ఎవరి ఆదాయం పెరిగింది?

శ్రోతలకు నమస్కారం. బెంగళూరు తూర్పు అంచున మారతహళ్ళి, వర్తూరు, కాడుగోడి వైపు ఉండే తెలుగువాళ్లతో ఈ రోజు కాసేపు మాట్లాడాలనుకుంటున్నాను.

"మా ఏరియా బాగా డబ్బున్న ఏరియా అయిపోయిందండీ" అనే మాట ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా వినిపిస్తుంది. నిజమే. కానీ ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందో చూడాలి.

ముందు జనం సంగతి. బెంగళూరు నగర జిల్లా జనాభా 2001లో 65 లక్షలు, 2011లో 96 లక్షలు. పదేళ్లలో దాదాపు సగం పెరిగింది, అదీ ఎక్కువగా ఇలాంటి అంచుల్లోనే. 1990లలో వైట్‌ఫీల్డ్ పక్కన ఐటీపీఎల్ అనే పెద్ద ఐటీ పార్కు వచ్చింది. 2007లో మహదేవపుర, కె.ఆర్.పురం లాంటి పట్టణాలూ, 110 పల్లెలూ నగరపాలికెలో కలిశాయి. రాగి చేలు లేఅవుట్లయ్యాయి. తెలుగు ఇక్కడికి ఐటీతో రాలేదండీ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే రైతు కుటుంబాలు ఈ పాత ఊళ్లలో తరతరాలుగా ఉన్నాయి. తర్వాత రాయలసీమ నుంచి బిల్డింగ్ పనులకు వచ్చారు, ఆపైన గుంటూరు, విజయవాడల నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు.

ఈ మూడు తరహాల వాళ్లనూ మా వీధిలో ఒకే థర్టీ ఫార్టీ సైటులో, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగుల స్థలంలో, చూడొచ్చు. కింద ఓనర్లు, పెద్దవయసు దంపతులు. పొలం లేఅవుట్‌కి పోయింది, ఇప్పుడు బాడిగలే ఆధారం. పైన మూడంతస్తులూ పీజీ, అంటే డబ్బు కట్టి ఉండే హాస్టల్, గదికి ముగ్గురు చొప్పున ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు. మిద్దె మీద రేకుల గదిలో మదనపల్లె వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త సెంట్రింగ్ పని, భార్య ఎదురు అపార్ట్‌మెంట్లో ఇళ్లపని. మొన్న ఆమె నాతో అంది: "జీతం పెంచినారక్కా, కానీ బాడిగ అంతకంటే ముందే పెరిగిపోయె."

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక వీధిలో పది కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి నెలకు 25 వేలు అనుకోండి. కొత్తగా ఆరు ఫ్లాట్లు వచ్చాయి, ఒక్కో ఇంటికి 2 లక్షలు. సగటు తీస్తే 90 వేలు దాటుతుంది. పాత పది ఇళ్లలో ఎవరికీ రూపాయి కూడా పెరగలేదు. ఈ పదహారు ఇళ్లనూ ఆదాయం ప్రకారం వరుసగా నిలబెట్టి సరిగ్గా మధ్యలో చూస్తే, అక్కడ కనిపించేది ఇంకా 25 వేలే. అందుకే సగటు ఆదాయం పెరిగిందని ఎవరైనా చెప్తే, మధ్యలో ఉన్న ఇంటి ఆదాయం ఎంతని అడగాలి. బాడిగ, ట్యూషన్ ఫీజు, నీళ్ల ట్యాంకర్ రేటు మాత్రం కొత్తగా వచ్చినవాళ్ల జీతాన్ని చూసే పెరుగుతాయి. అది మోయలేని కుటుంబాలు హోస్కోటె వైపు, ఇంకా దూరం వెళ్లిపోతాయి. వాళ్లు వెళ్లిపోతే సగటు ఇంకాస్త పెరుగుతుంది! నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పేదలు ఖాళీ చేస్తే లెక్కల్లో అది అభివృద్ధిలా కనిపిస్తుంది.

అసలు లెక్క ఎవరి దగ్గరుంది? మన జనగణనలో కుటుంబ ఆదాయం అడగరు. నీళ్లు, మరుగుదొడ్డి, టీవీ, బండి ఉన్నాయా అని అడుగుతారు. దేశవ్యాప్తంగా చేసే ఖర్చుల సర్వే వేరే ఉంది. 2023-24లో పట్టణాల్లో మనిషికి నెలకు సగటున 6,996 రూపాయల ఖర్చు అని తేలింది. అది దేశం మొత్తానిది, మా వీధి గురించి ఏమీ చెప్పదు. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. ఇన్నేళ్లూ రేషన్, అంగన్‌వాడీ, నీళ్ల ప్రణాళికలకు 2011 లెక్కలే దిక్కయ్యాయి. 2007లో కలిసిన ఆ 110 పల్లెలకు కావేరి తాగునీటి పథకం అయిదో దశ నీళ్లు 2024 అక్టోబరులో గానీ మొదలవలేదు. అప్పటిదాకా బోరు, ట్యాంకరే.

2027 జనగణనకు ఆ ఏడాది మార్చి 1ని ప్రామాణిక తేదీగా, అంటే ఏ రోజు నాటి జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీగా, ప్రకటించారు. ఓనర్లకు నాదొక విన్నపం. లెక్కల వాళ్లు గేటు దగ్గరకొచ్చినప్పుడు మన ఇంట్లోవాళ్ల పేర్లు మాత్రమే చెప్పి పంపించేయకండి. పీజీ సంగతీ చెప్పండి, మిద్దె మీద రేకుల గదిలో ఎవరున్నారో కూడా చెప్పండి. వాళ్లు పనికి వెళ్లి ఉంటే, సాయంత్రం మళ్లీ రమ్మని అడగండి.