మామ ఫోన్‌లో రెండు బ్రౌజర్లు ఎందుకు పెట్టానంటే

నమస్కారమండీ, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నా. కొత్తపట్నంలో రొయ్యల చెరువులున్న మా మామ మొన్న ఫోన్ పట్టుకొచ్చాడు. "ఏంది అల్లుడా ఇది, పొద్దున్నుంచి వైరస్ వైరస్ అని ఒకటే గోల!" అని. వైరసూ లేదు, పాడూ లేదు. రొయ్యల రేటు చూద్దామని ఏదో సైట్ తెరిచి, అడిగిన ప్రతిదానికీ 'అలౌ' నొక్కేశాడు. ఆ గోలంతా ఆ సైట్లు పంపే నోటిఫికేషన్లదే.

ఇదిగో, స్క్రీన్ చూడండి. క్రోమ్‌లో పైన కుడిపక్క మూడు చుక్కలు. సెట్టింగ్స్. కొంచెం కిందికి జరిపితే సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. 'అలౌడ్' కింద ముక్కూ మొహం తెలియని పేర్లుంటే ఒక్కోదాన్నీ నొక్కి బ్లాక్ కొట్టండి. మామ ఫోన్‌లో పదకొండు తేలాయి.

ఇక ఏ బ్రౌజర్ మంచిదంటే... క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ మూడూ ఒకే చెట్టు కొమ్మలు, ఆ చెట్టు పేరు క్రోమియం. ఎడ్జ్ 2020లో ఇటు మారింది. ఫైర్‌ఫాక్స్ ఇంజన్, అంటే పేజీని తెర మీద చూపించే లోపలి భాగం, వేరు. దాని పేరు గెకో. అప్‌డేట్ చేస్తూ ఉంటే అన్నీ గట్టివే. తేడా అంతా ప్రకటనల దగ్గరే. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు, ఫోన్ క్రోమ్‌లో కుదరదు. బ్రేవ్‌కైతే ఆ పని పుట్టుకతోనే వచ్చు.

అన్నట్టు, షాపులో ఇంకా విండోస్ 7 నడిపేవాళ్లున్నారా? దాంట్లో క్రోమ్ 2023 జనవరిలో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. బిల్లులు కొట్టుకోండి, బ్యాంకు జోలికి మాత్రం పోవద్దు.

నా పద్ధతి చెప్తా. డబ్బు పని ఒక బ్రౌజర్‌లో, ఊరు తిరుగుడంతా ఇంకోదాంట్లో. ఇక్కడ ఇచ్చిన పర్మిషన్లు, కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే గుర్తులు) అక్కడికి పోవు.

బ్యాంకు సైట్ తెరిచినప్పుడు అడ్రస్ పక్కన తాళం బొమ్మ చూసి నమ్మొద్దు. దొంగ సైటూ తాళంతోనే వస్తుంది. క్రోమ్ ఆ బొమ్మని 2023లో తీసేసింది కూడా. అడ్రస్ తోక చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ 'ఇన్' తర్వాత ఇంకో 'డాట్ కామ్' తగిలించి ఉందంటే వెంటనే మూసేయండి.

మామ ఫోన్‌లో క్రోమ్ బ్యాంకుకి వదిలేసి, ఫైర్‌ఫాక్స్ ముందు పేజీలో పెట్టా. "మామా, రొయ్యల రేటుకి ఈ నక్క బొమ్మ నొక్కు" అన్నా. నిన్న ఫోన్ చేశాడు: "అల్లుడా, నక్కలో కిలోకి వంద తూగే కౌంట్ రొయ్యలకి రేటు కనపడటంలా!"

ఆ సైట్‌లోనే ఇంకా పెట్టలేదు మామా!