చర్చి గోడ మీద వింత బొమ్మ: అర్థం చెప్పే ముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. స్పెయిన్‌లోని సలమాంకా కొత్త కేథడ్రల్ ద్వారం మీద వ్యోమగామి బొమ్మ ఉంది. ఆ ఫొటో మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, "వందల ఏళ్ళ కిందటే వాళ్ళకు అంతరిక్షం సంగతి తెలుసు" అనే కథతో సహా. నిజానికి అది 1992లో మరమ్మతులప్పుడు చెక్కింది. కాబట్టి వింత బొమ్మ కనబడగానే ముందు అది ఎప్పటిదో చూడండి. రాయి రంగు, అరుగుదల పక్క రాళ్ళతో కలుస్తున్నాయా? మరమ్మతుల వివరాలు ఎక్కడైనా రాసిపెట్టారా?

ఇప్పుడు నిజంగా పాతదాని దగ్గరికి వెళ్దాం. ఇంగ్లండ్‌లో, హెర్ఫర్డ్‌షైర్‌లో కిల్‌పెక్ అనే పల్లెటూరు. ఈ ఎర్ర ఇసుకరాతి చర్చిని 1140 ప్రాంతంలో కట్టారు. చూరు కింద వరసగా ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ళు కనబడుతున్నాయా? వాటిని కార్బెల్స్ అంటారు. ఇప్పటికి 85 మిగిలాయి. ఇదిగో, ఇక్కడ ఆపుతున్నా. కుక్క, దాని పక్కనే కుందేలు. వేటాడేదీ, పారిపోయేదీ ఒకే రాతి మీద ఫొటోకి నిలబడ్డట్టు ఉన్నాయి!

అదే వరసలో ఈ బొమ్మ చూడండి. పిల్లలు పక్కనుంటే కాస్త చూసుకోండి. గుండు తల, గుడ్లప్పగించిన కళ్ళు. చేతులు కాళ్ళ వెనక నుంచి తెచ్చి మర్మాంగాన్ని తెరిచి చూపిస్తున్న స్త్రీ. ఇలాంటి వాటిని షీలా నా గిగ్ అంటారు.

ఎందుకు చెక్కారు? కామం పాపమని హెచ్చరించడానికని కొందరు, సంతానం కోసమని కొందరు, చెడును తరిమేయడానికని ఇంకొందరు అంటారు. గుడి మీద బూతు బొమ్మలుంటే దిష్టి తగలదు, పిడుగు పడదు అని మన పెద్దవాళ్ళు అనడం విన్నవాళ్ళకు మూడోది చప్పున నచ్చేస్తుంది. నాకూ అటే మొగ్గు. అయితే దానికి కారణం వేరే ఉంది. ఐర్లండ్‌లో ఇవి కోటల గోడల మీద కూడా ఉన్నాయి. కోట గోడ మీద పాపం గురించి ప్రసంగం దేనికి? కాపలా అంటే కొంత అర్థముంది. అలాగని కిల్‌పెక్ బొమ్మకూ అదే ఖాయమని తేల్చేయలేం.

పైగా ఆ రోజుల్లోనే ఇవి నచ్చనివాళ్ళున్నారు. 1125 ప్రాంతంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్, మఠాల్లో ఈ కోతులు, సింహాలు, సగం మనిషి సగం జంతువులు ఏం చేస్తున్నాయని మండిపడ్డాడు. సిగ్గు లేకపోతే పోనీ, కనీసం ఖర్చు చూసైనా మానరా అన్నాడు! ఇలాంటి ప్రతి బొమ్మకూ అందరూ ఒప్పుకున్న అర్థమే ఉంటే, అంతటివాడు ఆ ప్రశ్న అడిగేవాడా?

మీరు ఇలాంటి చర్చికి వెళ్తే బొమ్మ ఒక్కదాన్నే జూమ్ చేసి తీసుకుని వచ్చేయకండి. ముందు గోడ మొత్తం ఒక ఫొటో, తర్వాత అటూ ఇటూ ఉన్న బొమ్మలతో కలిపి ఇంకోటి తీయండి. సాయంత్రం ఏటవాలు ఎండలో అయితే చెక్కుడు బాగా తేలుతుంది.