పొదుపు కోత ఎవరి కంచంలో పడుతోంది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇంటి పనులు ముందుగానే చక్కబెట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, వెనుక వరుసల్లో కూర్చున్న అన్నదమ్ములకు నమస్కారం. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాల్లో కవుల గురించి, పుస్తకాల గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈ ఏడాది అందులో ఒక సాయంత్రాన్ని ఇంటి ఖర్చుకు, వంటకు కేటాయించి, గృహవిజ్ఞానం బోధించి పదవీ విరమణ చేసిన నన్ను గుర్తుపెట్టుకుని పిలిచినందుకు గ్రంథాలయాధికారి గారికి మనసారా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

నాకిచ్చిన అంశం తక్కువ ఖర్చుతో తేలికైన ఇంటి వంట. సరుకులు ఎలా కొనాలో, ఏమి వండుకోవాలో తప్పక చెబుతాను. కానీ నన్ను చాలాకాలంగా వేధిస్తున్న విషయం ఒకటుంది. ఖర్చు తగ్గించుకోవాలని ఇంట్లో అనుకున్న రోజున మొదటి కోత పడేది వండి వడ్డించే మనిషి కంచంలోనే. పాల ప్యాకెట్ ఒకటి తగ్గితే తగ్గేది ఆమె గ్లాసులోని పాలే, గుడ్లు లెక్క తప్పితే లేకుండా పోయేది ఆమె గుడ్డే. ఇది పొదుపు కాదని, ఆ డబ్బు మిగలవలసిన చోటు అంగడిలోనే ఉందని చెప్పడానికే ఈ సభకు వచ్చాను.

ముందుగా అంగడి సంగతి చూద్దాం. వంటనూనె ప్యాకెట్ కొనేటప్పుడు మనం ధర చూస్తాం, బ్రాండు చూస్తాం, తూకం మాత్రం చూడం. లీటరు పొద్దుతిరుగుడు నూనె తూకం సుమారు 910 గ్రాములు. ఇప్పుడు దుకాణాల్లో అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ప్యాకెట్లలో 850 గ్రాములవీ, అంతకన్నా తక్కువవీ కనిపిస్తున్నాయి. పూర్వం నూనె, టీపొడి, బిస్కెట్లు వంటి సరుకులను ఫలానా పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో ఒక పట్టిక ఉండేది. 2022లో అమలులోకి వచ్చిన సవరణతో ఆ పట్టిక తొలగిపోయింది. దానికి బదులుగా ప్రతి ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందన్నది ముద్రించాలన్న నియమం వచ్చింది. ఆ అంకె గరిష్ఠ చిల్లర ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానిని చదివే అలవాటు మనలో చాలామందికి లేదు.

ఉదాహరణకు ఒక ప్యాకెట్ 140 రూపాయలు, దాని పక్కనున్నది 146 రూపాయలు అనుకోండి. చేయి మొదటిదాని వైపే వెళుతుంది. మొదటిదానిలో 800 గ్రాములు, రెండవదానిలో 910 గ్రాములు ఉన్నాయనుకుంటే మొదటిది కిలోకు 175 రూపాయలు, రెండవది 160 రూపాయల చిల్లర పడుతుంది. ఆరు రూపాయలు మిగిలాయని సంతోషించి కిలోకు దాదాపు 15 రూపాయలు ఎక్కువిచ్చి వస్తున్నామన్నమాట. మా వీధి చివరి పెద్ద దుకాణంలో ఒకటి కొంటే ఒకటి ఉచితమని పెట్టిన కందిపప్పు తూకాన్ని, ధరను కాగితం మీద వేసి చూస్తే, పక్క వీధిలో విడిగా అమ్మే పప్పుకన్నా కిలోకు ఎక్కువే తేలింది. అక్కడి కుర్రవాడికి చూపిస్తే అతను కూడా ఆశ్చర్యపోయాడు. అందువల్ల అక్కచెల్లెళ్లను నేను కోరేదేమిటంటే, దుకాణానికి వెళ్లేటప్పుడు కళ్లజోడు తీసుకుని వెళ్లండి. అక్కడ నిలబడి చదవడం మీ హక్కు. వెనుక ఉన్నవారు తొందరపెడితే పెట్టనివ్వండి.

కూరగాయల విషయంలో మనకు దక్కిన వసతి రైతుబజారు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్ల ఉద్దేశం రైతు, కొనేవారు మధ్యలో దళారీ లేకుండా ఎదురెదురుగా నిలబడటం. లోపలికి వెళ్లగానే ఆ రోజు ధరల పట్టిక ఉంటుంది. సంచి తెరవకముందే దానిని ఒకసారి చదవాలి. ఆకుకూర మర్నాటికి నిలవదు కనుక సాయంత్రం ముగిసే వేళకు కట్టల ధర బాగా దిగుతుంది. వాడిపోయినవి తీసుకోమని చెప్పడం లేదు, తడి గుడ్డలో చుట్టి ఆ రాత్రే వండుకోగలిగేవి తీసుకోమంటున్నాను.

ఏడాది సరుకుకు కూడా కాలం ఉంది. కొత్త కందులు సంక్రాంతి ముందువెనుకలుగా వస్తాయి, మిరపకాయలు, చింతపండు మాఘ ఫాల్గుణాల నుంచి వస్తాయి. ఏడాదికంతా ఒకేసారి పెట్టుబడి పెట్టలేనివారు నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక బస్తా తీసుకుని పంచుకోవచ్చు. పప్పును ఎండబెట్టి, కొద్దిగా ఆముదం పట్టించి డబ్బాకెత్తితే పురుగు పట్టదని మన పెద్దవాళ్లకు తెలుసు. పాడైన పప్పుకన్నా ఖరీదైన పప్పు లేదు కనుక ఆ పద్ధతిని మానుకోకండి.

ఇక్కడ గ్యాస్ ఆదా గురించి చెప్పాలని రాసుకుని వచ్చాను. దానిని తర్వాతకు ఉంచి, మా పెద్దమ్మ గురించి ఇప్పుడే చెప్పనివ్వండి, ఎందుకంటే ఆమె సంగతి చెప్పకుండా ఈ లెక్కలన్నీ చెబితే మళ్లీ ఆమె లాంటి ఇల్లాలినే తయారుచేసినట్లవుతుంది.

మా పెదనాన్న అచ్చు కార్యాలయంలో అక్షరాలు కూర్చేవారు. జీతం తక్కువ, ఇంట్లో పెద్దలు, పిల్లలు, చదువుకు వచ్చి ఉన్న బంధువుల అబ్బాయిలు. ఆమె చేతిలో రూపాయి రెండవుతుందని వీధి వీధంతా చెప్పుకునేవారు. బీరకాయ తొక్కు పచ్చడి, సొరకాయ తొక్కు వేపుడు, తోటకూర ఆకు పప్పులోకి, కాడలు పులుసులోకి, ఏదీ ఆ ఇంట్లో పారబోసేవారు కాదు. అందరూ తిని లేచాక ఆమె పప్పు గిన్నెలో కాసిని నీళ్లు పోసి, గరిటెతో అంచులన్నీ గీకి, ఆ పలచటి నీళ్లను అన్నంలో పోసుకుని తినేది. అది నేను పక్కన కూర్చుని చూసినదే. ఆ గరిటె చప్పుడు వినిపిస్తే పెద్దమ్మ భోజనానికి కూర్చుందని మాకు తెలిసేది. దానిని మేము పొదుపనే అనుకున్నాం, మెచ్చుకున్నాం కూడా.

ఒకనాడు ఆమె నీళ్ల బిందెతో గుమ్మంలోనే కూలబడింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె కంటి కింది రెప్పను వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండవలసిన చోటు గోడకు వేసిన సున్నంలా ఉంది. “ఈమె రోజూ ఏమి తింటారు?” అని డాక్టరమ్మ అడిగితే మాలో ఒక్కరూ సమాధానం చెప్పలేకపోయారు. పెదనాన్నకు ఏ కూర ఇష్టమో, ఏ పిల్లవాడు ఏది ముట్టడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఏమి తింటుందో ఎవరికీ తెలియదు. ఇది ఎప్పటి మాటో అనుకోకండి. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ హాలులో ఆ వయసువారు పదిమంది ఉంటే అందులో సగానికి పైగా. దయచేసి మీ పక్కన కూర్చున్నవారి ముఖం ఒకసారి చూడండి.

మన ఇళ్లలో అన్నానికి కొరత చాలావరకు తీరింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద కార్డున్న కుటుంబాల్లో మనిషికి నెలకు అయిదు కిలోల తిండిగింజలు ఉచితంగా అందుతున్నాయి. కానీ కంచం నిండా అన్నమే ఉండి పక్కన పప్పు, కూర తరిగిపోతే కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మన కంచాల్లో ఆ సగం ఎంత ఉందో ఇంటికి వెళ్లి మీరే చూసుకోండి.

అందుకే ఈ రోజు ఒకే ఒక వంట చెబుతాను, అది తోటకూర పప్పు. నలుగురికి 150 గ్రాముల కందిపప్పు చాలు. దానిలో దాదాపు 33 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తుల్లో ఒక ముఖ్య భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువగా, పప్పులో సమృద్ధిగా ఉంటుంది కనుక ఆ రెండూ కలిస్తేనే ఒకదాని లోటును ఒకటి తీరుస్తాయి. పప్పును అర్ధగంట ముందు నానబెడితే ఉడికే సమయం తగ్గుతుంది. అంత సమయం లేనివారు పెసరపప్పు వాడుకోవచ్చు, దానిని నానబెట్టే పనే లేదు. తోటకూరను కోయకముందే కడగాలి, కోశాక కడిగితే నీళ్లలో కరిగే పోషకాలు ఆ నీటితోనే పోతాయి. కుక్కర్లో అడుగున పప్పు, ఆకు, పచ్చిమిర్చి, పసుపు వేసి, పైగిన్నెలో బియ్యం పెడితే ఒకే మంట మీద అన్నం, పప్పు రెండూ అవుతాయి. ఆవిరి పట్టాక మంట తగ్గించవచ్చు. ఇందాక చెబుతానన్న గ్యాస్ ఆదా ఇదే. పోపుకు రెండు చెంచాల నూనె, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర చాలు.

ఇక ముఖ్యమైన సంగతి నిమ్మకాయ. ఆకుకూరలోని ఇనుము మన ఒంటికి అంత సులువుగా పట్టదు, సి విటమిన్ తోడైతే పట్టుతుంది. ఆ విటమిన్ వేడికి తట్టుకోదు కనుక నిమ్మరసాన్ని పొయ్యి మీద పోయకుండా, వడ్డించేటప్పుడు పిండుకోవాలి. భోజనం కాగానే కాఫీ, టీ తాగే అలవాటు ఉన్నవారు గంటసేపు ఆగండి, అవి ఇనుమును పట్టనివ్వవు. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

ధర పెరిగినప్పుడు ఏమి చేయాలని ఇందాక ఒక చెల్లెలు అడిగింది. 2023 వేసవి తర్వాత మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో 200 రూపాయల దాకా వెళ్లిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు చాలా ఇళ్లలో కూరే మానేశారని విన్నాను. టమాటా మన వంటలో పులుపు కోసం వాడేదే కదా, ఆ పులుపును చింతపండు, చుక్కకూర, గోంగూర, కాలాన్నిబట్టి చింతచిగురు, మామిడికాయ ఇవ్వగలవు. ఏది చౌకగా వచ్చిందో చూసి వంట నిర్ణయించుకోవాలి తప్ప, వంట నిర్ణయించుకుని బజారుకు వెళ్లకూడదు. చౌకగా కొన్న దానిలో వండిన మనిషి వాటా తగ్గకూడదు, ఇది మళ్లీ మళ్లీ చెబుతాను.

అన్నదమ్ములారా, ఈ మాట మీకే. పప్పు గిన్నె దించగానే, అందరికన్నా ముందు, వండినవారి వాటాను వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. ఆమె వద్దంటుంది, అయినా తీసిపెట్టండి. వీలున్న పూట అందరూ కలిసి కూర్చోండి. నెల సరుకుల చీటీ రాసేటప్పుడు నలుగురికి గుడ్లు రాస్తే తలా ఒకటి లెక్కన నాలుగు రాయండి, మూడు కాదు. గుడ్డుకు ఏడు రూపాయలు అటూ ఇటూ అనుకున్నా, నూనె ప్యాకెట్ వెనుక అంకె చదివి మిగిల్చిన డబ్బులో ఆమెకు రెండు గుడ్లు వస్తాయి.

గ్రంథాలయాధికారి గారికి ఒక విన్నపం. పత్రికలు చదివే గదిలో నోటీసు బోర్డు పక్కన రైతుబజారు ధరలు రోజూ ఉదయం సుద్దముక్కతో రాయడానికి ఒక నల్లబల్ల ఇప్పించండి. రాసే బాధ్యత మా వీధి మహిళలం తీసుకుంటాం. ఇక వెనుక బల్ల మీద నూనె, పప్పు, టీపొడి ఖాళీ ప్యాకెట్లు, ఒక తూనిక యంత్రం పెట్టించాను. వెళ్లేలోపు అందరూ అక్కడికి వచ్చి వాటి మీద గ్రాము ధర ఎక్కడ ముద్రించారో వెతకండి. దొరకనివారికి నేను చూపిస్తాను. నమస్కారం.