గేర్‌బాక్స్ దింపే ముందు ఆయిల్ చూడండి: ఆటోమేటిక్ కార్లపై ఫోన్-ఇన్

యాంకర్: అమలాపురం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. మాది 2010 హోండా సిటీ, ఐదు గేర్ల ఆటోమేటిక్. లక్షా పది వేలు తిరిగింది. పొద్దున్నే డి (డ్రైవ్, ముందుకు నడిపే స్థానం) లో వేస్తే రెండు సెకన్ల దాకా కదలట్లేదు. రోడ్డెక్కాక రెండు నుంచి మూడుకి మారేటప్పుడు దబ్బుమని కొడుతోంది. గేర్‌బాక్స్ దింపాల్సిందేనంటున్నారు.

నిపుణుడు: అప్పుడే దింపనివ్వకండి. మీటర్‌లో డి లైటు ఆరుతూ వెలుగుతూ ఉందా? రివర్స్‌లోనూ ఆలస్యమేనా? బండి వేడెక్కాక ఎలా ఉంది?

కాలర్: లైటు మామూలుగానే ఉందండి. పొద్దున రివర్స్ కూడా ఆలస్యమే. వేడెక్కాక ఆలస్యం లేదు గానీ దెబ్బ మాత్రం ఉంది.

నిపుణుడు: అయితే తేలిగ్గా తీరే అవకాశం ఉంది. ఒక్క డి లోనే ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్‌లో ఆయిల్ ప్రెషర్‌ని నిలిపే సీళ్లను అనుమానించాలి. రెండింట్లోనూ అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే ఆయిల్‌నీ దాని ప్రెషర్‌నీ ముందు చూడాలి. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?

కాలర్: రెండేళ్ల కింద పోశారండీ. ఎర్రగా ఉంటే ఏదైనా ఒకటేనన్నారు.

నిపుణుడు: ఒకటి కాదండీ. హోండా ఆటోమేటిక్‌లో ప్రతి గేరునీ ఆయిల్‌లో మునిగిన క్లచ్ ప్లేట్లే పట్టుకోవాలి. ఆ పట్టు ఎంత మెత్తగా పడాలన్నది ఆయిల్ గుణం మీదే ఉంటుంది. ఈ బండికి మొదట జెడ్-1 అనే హోండా ఆయిల్ వచ్చేది, దాని స్థానంలో వచ్చింది డి.డబ్ల్యు.-1. అదే పోయండి.

ముందు లెవెల్ చూడండి. చదునైన చోట పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగే దాకా ఇంజిన్ నడపండి. తర్వాత ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి మళ్లీ ముంచండి. రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా చూస్తే హోండాలో తప్పు లెక్క వస్తుంది.

కాలర్: లక్ష దాటాక ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందంటారు కదండీ?

నిపుణుడు: క్లచ్ ప్లేట్లు కాలిపోయి పట్టు జారడం మొదలయ్యాక ఆయిల్ మార్పించుకుంటారు, తర్వాత బండి ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండి జారట్లేదు, భయం వద్దు. అయితే మెషీన్ పెట్టి ఫ్లష్ మాత్రం చేయించకండి. డ్రెయిన్ చేసి నింపడమే మేలు.

డ్రెయిన్ బోల్టు తలలో చదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళాల రాట్చెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. వచ్చిన ఆయిల్ కొలవండి, సుమారు రెండున్నర లీటర్లు వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగంలోనే ఉండిపోతుంది, అందుకే ఒక్కసారి మారిస్తే సగం కూడా మారదు. కొన్ని కిలోమీటర్లు అన్ని గేర్లూ పడేలా నడిపి మళ్లీ మార్చండి, అలా మూడుసార్లు. అప్పటికి 80 శాతం దాకా కొత్తదవుతుంది. చివర్లో కొత్త వాషర్ వేసి 49 న్యూటన్ మీటర్లకు బిగించండి. బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

బోల్టు కొసన అయస్కాంతం చూడటం మరిచిపోకండి. బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే సహజమైన అరుగుదల. మెరిసే రేకులో ముక్కలో ఉండి, ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే, ఇక ఆయిల్ మీద డబ్బు పెట్టకండి. అప్పుడు దింపాల్సిందే.

కాలర్: ఆయిల్ మార్చినా దెబ్బ ఉంటే?

నిపుణుడు: ఇంజిన్ మౌంట్లు చూడండి. హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు బ్రేక్ మీదే ఉంచి, ఒకరు డి, రివర్స్ మార్చుతుంటే ఇంకొకరు బానెట్ తెరిచి పక్కన నిలబడి చూడాలి, బండి ముందు నిలబడొద్దు. ఇంజిన్ ఎగిరెగిరి పడితే మౌంట్ చిరిగినట్టే. అది చిన్న ఖర్చు, చాలామంది గేర్‌బాక్స్ రోగమనుకుంటారు. మౌంట్లు బాగుండి, రెండు–మూడు మధ్యే దెబ్బ ఉంటే క్లచ్ ప్రెషర్ స్విచ్‌లు, ప్రెషర్ నడిపే సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు) పరీక్షించాలి. ఇవి బయటి నుంచే మారతాయి.

యాంకర్: వరంగల్ నుంచి ఒక అమ్మగారు.

కాలర్: నమస్తే అండీ. మాది 2012 ఐ10 ఆటోమేటిక్. వానలో నీళ్లలోంచి తెచ్చినప్పటి నుంచి బండి లేవట్లేదు, వేగం అందుకోవట్లేదు. ఇంజిన్ మూలుగుతుంది గానీ గేరు మారదు. ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే ఉంటది.

నిపుణుడు: అది మూడో గేరులో ఇరుక్కుపోయిందమ్మా. ఏదో సెన్సర్ నుంచి సిగ్నల్ సరిగా రాకపోతే కంప్యూటర్ గేర్‌బాక్స్‌ని కాపాడటానికి మూడులోనే ఉంచేస్తుంది. మూడుతోనే బయలుదేరితే లేవకపోవడం సహజమే. ఆపి స్టార్ట్ చేస్తే బాగవుతోందంటే లోపల విరిగింది ఏదీ లేకపోవచ్చు.

బ్యాటరీ తీసి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చెరిపేయకముందే స్కానర్ పెట్టించండి. పి0715 అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ వైపు, పి0720 అంటే అవుట్‌పుట్ వైపు, పి0705 అంటే గేర్ లివర్ స్థానం చెప్పే స్విచ్ వైపు. కోడ్ వచ్చిందని వెంటనే సెన్సర్ కొనకండి. ముందు ఆ కనెక్టర్ ఊడదీసి పచ్చగా తుప్పు పట్టిందేమో చూడాలి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాక పెట్టాలి.

ఆయిల్ కూడా చూపించండి. పాలు కలిపిన స్ట్రాబెర్రీ షరబత్తులా ఉంటే నీళ్లు చేరినట్టే. అప్పుడు స్టార్ట్ చేయకుండా, ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి లాగించే తీసుకెళ్లండి, తడిసిన క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది. శుభ్రంగా ఉంటే ఈ బండికి పోసే ఎస్‌పి-3 ఆయిల్ లెవెల్ చూడాలి. హోండా మాదిరి కాదు, ఇక్కడ బండి వేడెక్కాక లివర్‌ని అన్ని స్థానాల్లో తిప్పి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి.

కాలర్: అందాకా నడపొచ్చా అండీ?

నిపుణుడు: ఆయిల్ శుభ్రంగా ఉంటే, నిదానంగా మెకానిక్ దాకా. ఎత్తుగడ్డలు, ట్రాఫిక్ తప్పించండి. మూడో గేరుతో బరువు లాగిస్తే టార్క్ కన్వర్టర్ వేడెక్కి ఆయిల్ మాడుతుంది.