యాభై ఒక్క శాతం లెక్క, సంఘాల విలీనం

మిత్రులారా,

ఒకే గేటు ముందు నాలుగు జెండాలు, నాలుగు డిమాండ్ల పత్రాలు. మన పరిశ్రమల్లో ఇన్నాళ్లూ ఇదే నడిచింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది గానీ, యాజమాన్యం ఏ సంఘంతో మాట్లాడాలో చెప్పలేదు. 1958లో వచ్చిన క్రమశిక్షణ నియమావళి స్వచ్ఛందం, అంటే ఇష్టమైతే పాటించడం, లేకపోతే లేదు. మహారాష్ట్ర 1971లో సొంత చట్టం చేసుకుంది. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. చాలాచోట్ల మాత్రం యాజమాన్యం ఎవరిని పిలిస్తే వాళ్లదే గుర్తింపు.

2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి రావడంతో ఈ వ్యవహారం అంకెల్లోకి దిగింది. మస్టర్ రోల్‌లోని, అంటే యాజమాన్యం హాజరు పట్టీలోని, కార్మికుల్లో కనీసం 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంప్రదింపుల సంఘం. ఎవరికీ 51 రాకపోతే సంప్రదింపుల కౌన్సిల్ ఏర్పడుతుంది. అందులో చోటు కావాలంటే కనీసం 20 శాతం ఉండాలి. ఈ హోదా మూడేళ్లు, ఉభయులూ ఒప్పుకుంటే అయిదేళ్లకు మించకుండా.

మస్టర్‌లో వెయ్యి మంది ఉన్నారనుకోండి. మొదటి సంఘానికి 340, రెండోదానికి 220, మూడోదానికి 180. మిగతా 260 మంది ఎందులోనూ లేరు. మొదటి రెండూ కౌన్సిల్‌లో కూర్చుంటాయి. మూడోది 18 శాతంతో గది బయటే. అదే మూడోది వెళ్లి మొదటిదానితో కలిస్తే 520. అప్పుడు రెండో సంఘానికి కౌన్సిలే ఉండదు. 180 మంది ఎటు మొగ్గితే బేరమంతా అటు. అందుకే ఇప్పుడు చిన్న సంఘాల చుట్టూ ఇంత హడావుడి.

ఒక్కమాట. లెక్క మస్టర్‌ది. కాంట్రాక్టు కార్మికుల పేర్లు మామూలుగా కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉంటాయి. వాళ్లలో మీకెంత బలం ఉన్నా అది ప్రధాన యాజమాన్యం దగ్గరి 51లోకి రాదు. ముందు మస్టర్ కాపీ సంపాదించి, ఆ తర్వాతే మీ సభ్యత్వాన్ని లెక్కేసుకోండి.

ఇక విలీనం ఎలా చేయాలి? పాత 1926 చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కలుస్తున్న ప్రతి సంఘంలోనూ ఓటు హక్కున్న సభ్యుల్లో కనీసం సగం మంది ఓటు వేయాలి. పోలైన ఓట్లలో 60 శాతం అనుకూలంగా ఉండాలి. ఇప్పటి కోడ్ ఆ పద్ధతిని రూల్స్‌కు వదిలింది. కాబట్టి మీకు వర్తించే రూల్స్ చదవకుండా ఓటింగ్ తేదీ ప్రకటించొద్దు. అయినా పాత కొలత కంటే తగ్గొద్దని నా సలహా.

ఆ కొలతలో ఒక తిరకాసు ఉంది. 400 మంది ఓటర్లున్న సంఘంలో 190 మంది వచ్చి అందరూ అవునన్నా తీర్మానం చెల్లదు, ఎందుకంటే సగం రాలేదు. సరిగ్గా 200 మంది వచ్చి 120 మంది అవునంటే చెల్లుతుంది. అంటే వ్యతిరేకుల చేతిలో బలమైన ఆయుధం వ్యతిరేక ఓటు కాదు, ఇంట్లో కూర్చోవడం. ఒక్క సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి పని కానిద్దామనుకునేవాళ్లు పట్టుబడేది ఇక్కడే. షిఫ్టులవారీగా బ్యాలెట్ పెట్టండి, హాజరు సంతకాలు భద్రపరచండి. విలీనం బదులు పేరు మార్చుకుని పాత సంఘాన్నే కొనసాగిద్దామనే అడ్డదారీ ఉంది గానీ, దానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల సమ్మతి కావాలి. 400కు 267 మంది.

విలీనం నోటీసు మీద ప్రతి సంఘం నుంచీ కార్యదర్శి, ఏడుగురు సభ్యులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రార్ నమోదు చేసిన తేదీని అసలు తేదీగా పెట్టుకోండి. సభలో దండలు మార్చుకున్న తేదీకి విలువ లేదు. ఈ రెండు తేదీల మధ్య కొత్త లెటర్‌హెడ్ మీద ఒప్పందం గానీ సమ్మె నోటీసు గానీ ఇచ్చారంటే, అవతలి లాయర్‌కు పని తేలికచేసినట్టే. కోడ్ కింద ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఉండాలి, ఇచ్చిన నోటీసు 60 రోజులే పనికొస్తుంది. సగం మంది లేదా అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ సెలవు పెట్టినా అది సమ్మే. కాబట్టి నోటీసు ఎవరి పేరున వెళ్లిందన్నది చిన్న విషయం కాదు.

ఎక్కువ విలీనాలు ఆగిపోయేది సిద్ధాంతాల దగ్గర కాదు, రిజిస్టర్ల దగ్గర. ఒకే మనిషి పేరు రెండు సంఘాల పుస్తకాల్లో ఉంటుంది. 220, 180 కలిపితే 400 అనుకుంటారు, సరిచూస్తే 360 తేలుతుంది. ఓటుకు ముందే రెండు జాబితాలనూ టోకెన్ నంబర్ల (కార్మికుడికి ఫ్యాక్టరీ ఇచ్చే నంబర్ల) ప్రకారం పోల్చండి, పేర్ల ప్రకారం వద్దు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. చందా బకాయిదారుకు ఓటుందా లేదా అన్నది ఒక్కో సంఘం నిబంధనావళిలో ఒక్కోలా ఉంటుంది. ఓటర్ల జాబితా ఏ సంఘానిది ఆ సంఘం నిబంధనల ప్రకారమే తీయాలి. రెండింటికీ ఒకే రూలు పెడితే ఓడినవాళ్లు కోర్టుకెక్కుతారు.

తర్వాతది పదవుల పంపకం. సంఘటిత రంగంలో కార్యవర్గంలో బయటివాళ్లు మూడింట ఒకవంతు లేదా అయిదుగురు, ఏది తక్కువైతే అంతే. చెరో నలుగురు బయటి నాయకులున్న సంఘాలు కలిస్తే ఎనిమిది మంది అవుతారు, ముగ్గురు దిగాల్సిందే. ఆ ముగ్గురెవరో ఓటింగ్‌కు ముందే కాగితం మీద రాసుకోకపోతే, ఓటింగ్ అయ్యాక రాసుకోవడం జరగని పని.

1920లో పుట్టిన జాతీయ కార్మిక సమాఖ్య ఏఐటీయూసీ 1929లో చీలింది. మళ్లీ ఒకటవడానికి 1940 దాకా పట్టింది. 1948లో రెండు సమాఖ్యలు కలిసి హింద్ మజ్దూర్ సభ (హెచ్‌ఎంఎస్) అయ్యాయి. అవి పైనుంచి జరిగిన కలయికలు. ఫ్యాక్టరీ స్థాయిలో ఇప్పుడు మనం చూస్తున్నవి సంఖ్య కోసం జరిగేవి. సంఖ్య కోసమే కలిసినవాళ్లకు అసలు పరీక్ష మొదటి వేతన ఒప్పందం. నైపుణ్యమున్నవాళ్ల సంఘం శాతాల్లో పెంపు అడుగుతుంది, హెల్పర్ల సంఘం అందరికీ ఒకే మొత్తం అడుగుతుంది. జెండా ఒకటైనంత మాత్రాన ఈ తేడా పోదు. విలీన ఒప్పందంలోనే డిమాండ్ల పత్రం ముసాయిదా చేర్చాలని నేను పట్టుబట్టేది అందుకే.

చివరిగా ఆస్తులు, కేసులు. విలీనం వల్ల పాత హక్కులు, అప్పులు రద్దు కావు. రెండు సంఘాల ఆడిట్ లెక్కలూ ఎదురెదురుగా పెట్టుకోండి. ఆఫీసు స్థలం ఎవరి పేరున ఉందో దస్తావేజు తెరిచి చూడండి, ఎప్పుడో పోయిన అధ్యక్షుడి పేరున ఉండటం మామూలే. లేబర్ కోర్టులో పాత సంఘం పేరుతో నడుస్తున్న ప్రతి కేసులోనూ కొత్త సంఘాన్ని చేర్చమని పిటిషన్ వేయండి. జీతంలోంచి చందా కోయడానికి సభ్యులిచ్చిన లేఖల్లో పాత సంఘం పేరే ఉంటుంది. నమోదు పత్రం చేతికి రాగానే కొత్త లేఖలు తీసుకుని, జీతాల పట్టీ మూసేలోపు టైమ్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.