కడ్డీలు కిందికి వచ్చే క్షణం

బాబాయ్: శ్రోతలకు నమస్కారం. పాత ఆవిరి ఇంజిన్లు లాగే ప్రత్యేక రైళ్లను రాత్రిపూట ఎలా ఫొటో తీయాలో ఈ వారం మాట్లాడుకుందామని పోయినసారి చెప్పాము.

అమ్మాయి: దానికంటే ముందు, బాబాయ్, నిన్న మీరు పంపిన ఫొటో గురించి చెప్పాలి. ఇంజిన్ మీది రివెట్లన్నీ లెక్కపెట్టవచ్చు కానీ, బండి మాత్రం పట్టాల మీద ఆగిపోయినట్టే ఉంది.

బాబాయ్: కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరిచి ఉండేలా పెట్టాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ కాస్త వ్యవధిలో ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి పెద్దగా కదలదు. చక్రాలను కలిపే కడ్డీలు సరిగ్గా కిందికి దిగి ఉన్నాయి, నేను కాచుకుని ఉండే క్షణం అదే, చూశావా?

అమ్మాయి: చూశాను. అయినా నేను ముప్పయ్యో వంతు పెట్టి, కెమెరాను బండితోపాటు తిప్పుతూ తీస్తాను. ఆలోగా బండి అర మీటరు పైగా సాగుతుంది, చక్రం దాదాపు పదో వంతు తిరుగుతుంది; పేరు పలక స్పష్టంగా నిలబడి, చక్రపు చువ్వలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వెనుకనున్న చెట్లు గీతలుగా సాగుతాయి. అప్పుడే అది పరుగెత్తే బండి అనిపిస్తుంది.

బాబాయ్: పది తీస్తే ఒకటి నిలుస్తుంది, కానీ ప్రత్యేక రైలు పదిసార్లు రాదు. అమెరికాలో 1941లో తయారైన బిగ్ బాయ్ 4014 అనే భారీ ఆవిరి ఇంజిన్‌ను బాగుచేసి 2019లో మళ్లీ నడిపినప్పుడు, 844 అనే మరో ఆవిరి ఇంజిన్ కూడా దానితో కలిసి బండిని లాగింది. అలాంటి జంట ఎదురుగా వస్తుంటే నేను ప్రయోగాలు చేయలేను. 60 కిలోమీటర్ల వేగంలో బిగ్ బాయ్ చక్రం సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. సెకనుకు పది ఫొటోలు తీసే కెమెరాకైనా ఒక్కో చుట్టుకు మూడే దక్కుతాయి. వాటిలో కడ్డీలు కిందున్నది ఒకటి దొరికితే అదృష్టమే.

అమ్మాయి: అందుకే బండి ఎత్తు ఎక్కే చోట నిలబడాలంటాను. అక్కడ ఇంజిన్ కష్టపడుతుంది కాబట్టి ఆవిరి నిటారుగా లేస్తుంది, వేగం తగ్గుతుంది, చలి ఉదయమైతే ఆ తెల్లని మేఘం చాలాసేపు నిలుస్తుంది.

బాబాయ్: ఎండ ఏటవాలుగా ఉన్న ఆ వేళలోనే కడ్డీల మీద వెలుగు పడుతుంది. మధ్యాహ్నమైతే చక్రాలన్నీ నీడలోకి పోతాయి.

అమ్మాయి: మొన్న నేను తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాను, బాబాయ్. బండి వచ్చిన క్షణంలో గాలి నా వైపు తిరిగింది. ఆవిరంతా కిందికి వాలి పెట్టెలన్నిటినీ కప్పేసింది. పొగగొట్టం అంచు తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

బాబాయ్: ఆ మాట నాకు చెప్పనేలేదు. ఈసారి గాలి మన వీపు వైపు నుంచి వీచే చోటు చూద్దాం, నేను కూడా వస్తాను.

అమ్మాయి: మరి రాత్రి సంగతి?

బాబాయ్: 1950ల చివర్లో విన్‌స్టన్ లింక్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ బల్బుల వరుసలు అమర్చి నార్ఫోక్ అండ్ వెస్టర్న్ అనే అక్కడి రైల్వే కంపెనీ ఇంజిన్లను రాత్రిపూట ఫొటో తీశారు. బల్బు ఒక్కసారే వెలుగుతుంది కాబట్టి, బండి దాటిపోతే మళ్లీ తీసే వీలు లేదు. ఆ ఫొటోల్లో కడ్డీలు ఎక్కడున్నాయో చూశావా?

అమ్మాయి: ఆ దృష్టితో చూడలేదు, బాబాయ్. ఈ రాత్రి ఆ ఫొటోలను మళ్లీ బయటికి తీసి చూస్తాను.