అపోఫిస్‌ని చూడటమే కాదు, కొలుద్దాం

అందరికీ నమస్కారం. 2029 ఏప్రిల్ 13 రాత్రి అపోఫిస్ అనే గ్రహశకలం మన పక్కనుంచే వెళ్తుంది. సగటున 340 మీటర్లుండే రాయి. నేలకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరానికి వస్తుంది. మన ఇళ్లమీది టీవీ డిష్‌లకు సిగ్నల్ పంపే ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటికన్నా దగ్గరన్నమాట!

భయపడక్కర్లేదు. 2004లో కనిపెట్టిన కొత్తలో ఢీకొనే అవకాశం 2.7 శాతందాకా తేలిన మాట నిజమే. 2021 రాడార్ పరిశీలనలతో కనీసం వందేళ్లు ముప్పు లేదని తేలిపోయింది. ఫోన్లో ప్రళయం వీడియోలొస్తే దయచేసి పిల్లలకు చూపించకండి.

అది బాగా దగ్గరయ్యేది మన టైం ప్రకారం 14 తెల్లవారుజామున 3.16కి. అప్పటికది అట్లాంటిక్ మీద ఉంటుంది, మనకు కనపడదు. కాబట్టి మనం చూడాల్సింది 13 రాత్రి, అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా. ఆ రాత్రి అమావాస్య కావడం మన అదృష్టం. అయినా విజయవాడ బెంజ్ సర్కిల్ లైట్ల కింద నిలబడితే లాభం లేదు, ఊరు దాటి బైనాక్యులర్‌తో చూడాలి. చుక్కల మధ్య కదులుతున్న చుక్కే అపోఫిస్.

నా అసలు కోరిక వేరు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక్కో కన్ను మూసి చూడండి. వేలు వెనక గోడమీద పక్కకు జరిగినట్టుంటుంది కదా? విజయవాడ ఒక కన్ను, గుంటూరు ఇంకో కన్ను. మధ్య నేరుగా 30 కిలోమీటర్లు. అపోఫిస్ లక్ష కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు రెండుచోట్లా ఒకే క్షణాన ఫొటో తీస్తే, వెనకున్న నక్షత్రాల మధ్య దాని చోటు చంద్రబింబం వెడల్పులో 30వ వంతుదాకా మారుతుంది. ఆ తేడా కొలిస్తే దూరం లెక్క వచ్చేస్తుంది. పదో తరగతి త్రికోణమితి చాలు! ఒక జట్టు కొండపల్లిలో, ఇంకోటి సూర్యలంక సముద్రతీరంలో ఉంటే మధ్య దూరంతోపాటు తేడా ఇంకా పెరుగుతుంది, చీకటీ దొరుకుతుంది.

కష్టమంతా టైంతోనే. అది ఎంత వేగంగా జరుగుతుందంటే, రెండు ఫొటోలకీ పది సెకన్లు తేడా వస్తే మన కొలత అందులోనే కొట్టుకుపోతుంది. చేతి గడియారాలు పనికిరావు, జీపీఎస్ టైం పెట్టుకోవాలి. ట్రైపాడ్ మీద కెమెరా, అయిదు సెకన్ల ఎక్స్‌పోజర్, రెండువైపులా ఒకేసారి నొక్కడం: ఇది ఇప్పట్నుంచే సాధన చెయ్యాలి. గుంటూరు నుంచి వచ్చిన టీచర్లు సభ కాగానే వేదిక దగ్గరికి రండి, జట్లు ఇవాళే వేసేద్దాం.